కాల్చిన బిళ్ల

మార్చి పదకొండున లెక్కకూ కొలతకూ మధ్య పదిహేడు శాతం తేడా వచ్చింది. దానికి కారణం కనుక్కోవడానికి ప్రయోగశాల పెద్దకు అరగంట కూడా పట్టలేదు. తప్పు పంపుల అక్కదని తేల్చాడు.

ఆ పేరు తోటివాళ్లు పెట్టింది. గాజుబిళ్లలో చెక్కిన, వెంట్రుకలో యాభయ్యో వంతు లోతున్న గాడిలోంచి పలచని వాయువును పంపి, అవతలికి ఎంత చేరిందో కొలవడం పందొమ్మిదేళ్లుగా ఆమె పని. ఆ ఉద్యోగం ఇప్పటికీ తాత్కాలికమే. దాన్ని శాశ్వతం చేసే ఫైలు నెలాఖరున కమిటీకి వెళ్లాలి.

అంత ఇరుకులో వాయువు అణువులు గోడలకు తగులుతూ పోతాయి. గోడకు తగిలిన ప్రతి అణువూ తానొచ్చిన దిక్కు మరిచిపోయి ఎటో ఒకవైపు పోతుందని పెద్దాయన తన లెక్క కట్టాడు. పన్నెండేళ్లుగా ఆ మాటను ఎవరూ కదిలించలేదు. కదిలిస్తే ఆయన కుర్చీ కూడా కదులుతుంది.

"బిగింపులో లీకుందమ్మా" అన్నాడాయన.

"హీలియం పెట్టి మూడుసార్లు చూశాను సార్. లేదు."

"లేకపోతే ఎక్కువొచ్చిన గ్యాసు ఎక్కడిది? మీ ఇంటినుంచి తెచ్చారా?"

పరిశోధక విద్యార్థులు నవ్వారు. వాళ్ల శిక్షణలో అది మొదటి పాఠం. ఆ సాయంత్రమే ఫైలులో 'అజాగ్రత్త' అన్న మాట చేరింది.

ఆమె భర్త ఇళ్లకు రంగులు వేస్తాడు. సంగతంతా విని, మోచేతికి అంటిన సున్నం గోకుతూ అడిగాడు: "జిడ్డు పట్టిన గోడా కడిగిన గోడా ఒకటేనా? మీ సారు జన్మలో బ్రష్షు పట్టాడా అసలు?"

"బ్రష్షు పట్టుకునే తీరికెక్కడిది ఆయనకి? సంతకాలతోనే సరిపోతుంది."

కానీ భర్త అన్న గోడ మాట ఆమెను వదల్లేదు. పదకొండున కొలిచిన బిళ్లను ఆమె ముందుగా ఓవెన్‌లో కాల్చింది. ఆ బిళ్లలు వాడే కంపెనీ మూత వేసేముందు అలాగే కాలుస్తుంది కాబట్టి, కొలత కూడా అలాగే ఉండాలనుకుంది. మర్నాడు రెండు బిళ్లలు తీసుకుంది. కాల్చని దానిలో కొలత పెద్దాయన లెక్కకు అతికినట్టు సరిపోయింది. కాల్చిన దానిలో మళ్లీ పదిహేడు. కంటికి కనిపించని తేమా జిడ్డూ పోయిన గోడ నుంచి నూటికి పద్దెనిమిది అణువులు అద్దం మీది వెలుగులా నేరుగా జారిపోతున్నాయని లెక్క వేసి నోటుపుస్తకంలో రాసింది.

పెద్దాయన ఆ రెండు అంకెలూ చూశాడు. ఏ చదువూ లేనివాడైనా ఇక్కడ గోడ గురించి అడిగేవాడు.

"అయితే ఇకమీదట కాల్చకండి" అన్నాడు.

గురువారానికి అది టైపై, ముద్ర వేయించుకుని, ఓవెన్ తలుపుకు అంటుకుంది. లెక్క మళ్లీ నిజమైంది. ఫైలులో మాట మాత్రం అలాగే ఉంది.

తరువాతి వారం కంపెనీ ఇంజనీరు ఫోను చేశాడు. వాళ్ల పరికరాలన్నీ లెక్కకంటే పదిహేడు శాతం ఎక్కువ వాయువును వదులుతున్నాయట. గోడల ప్రభావాన్ని తాము ముందే గమనించామని పెద్ద తొణక్కుండా చెప్పి, ఆమె బల్ల దగ్గరకు వచ్చాడు.

"ఆ నోటుపుస్తకం ఇలా ఇవ్వండమ్మా."

"అందులో ఉన్నవి అజాగ్రత్తగా కొలిచినవి సార్. మీకెందుకులెండి."

"అబ్బే, ఫైల్లో ఆ మాట ఏదో ఊరికే రాసిందమ్మా."

"ఊరికే రాసిందైతే ఊరికే కొట్టేసి రండి. పుస్తకం ఎక్కడికీ పోదు."

ఆయన మెట్లు దిగి కార్యాలయానికి వెళ్లాడు. కొట్టివేతకు కారణం చూపాలని గుమస్తా పట్టుబడితే 'చేతి పొరపాటు' అని రాశాడు. ఎవరి చెయ్యో మాత్రం రాయలేదు.