నవ్వకూడని సినిమా

భూములు పోయి, పాత ఇల్లు కూడా అమ్మేశాక, నర్సీపట్నంలో మాకు మిగిలిన మర్యాద ఒక సినిమా. తొంభైల మొదట్లో పట్నం నుంచి వచ్చిన ఒక దర్శకుడు కృష్ణదేవిపేట దారిలోని పొలాల్లో దాన్ని తీశాడు. పాటలు లేవు, ఫైట్లు లేవు. పొలం పోగొట్టుకున్న ఒక కౌలు రైతు కథ. అప్పటికింకా అమ్మని మా పాత ఇల్లు షూటింగుకు అడగడానికి వచ్చినవాడు మా నాన్నగారిని చూసి, రైతు వేషం ఆయన్నే వెయ్యమన్నాడు.

దొర వేషం కాదు, రైతు వేషం. అమ్మ ఆ పూట అన్నం తినలేదు. మా తాతగారి ఎదుట తలగుడ్డ తీసి నిలబడ్డ వాళ్ళ వేషం ఈయన వెయ్యడమేమిటని ఆవిడ బాధ. నాన్నగారు ఒప్పుకున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. పెద్దవాళ్ళను ఎందుకని అడిగే అలవాటు మా ఇంట్లో లేదు.

సినిమాకు ఢిల్లీలో అవార్డు వచ్చింది. ఆ తర్వాత అమ్మ కూడా ఆ మాట ఎత్తలేదు. బ్యాంకుకు వెళ్ళినా, తాలూకా ఆఫీసుకు వెళ్ళినా, అవార్డు సినిమాలో వేసినాయన అంటూ లేచి కుర్చీ చూపించేవారు. వాళ్ళలో ఎంతమంది ఆ సినిమా చూశారో నాకు తెలియదు. మాకు కుర్చీ చాలు.

ఊళ్ళో హాల్లో అది కొద్దిరోజులే ఆడింది. వేసినవాడే వెళ్ళి కూర్చుని చూసుకుంటే బాగుండదని నాన్నగారు రాలేదు. నేను వెళ్ళాను. చివర్లో రైతు ఊరు వదిలి పోతాడు. నాన్నగారు గట్టు మీద మనకు వీపు చూపిస్తూ నడుస్తారు. చాలాసేపు నడుస్తారు. కెమెరా కదలదు. దూరంగా ఆగి, వెనకబడిన కూతుర్ని పిలుస్తారు. "బేగి రా గుంటా, సీకటడిపోతంది." సినిమాలో అదే ఆఖరి మాట. దానికి హాలంతా ఘొల్లున నవ్వింది.

ఎందుకు నవ్వారో నాకు అక్కడే అర్థమైంది. తెరమీద మా వైపు యాస వినబడితే అక్కడ కమెడియన్ ఉంటాడు. నౌకరో, తాగుబోతో, హీరో చేతిలో తన్నులు తినేవాడో. ఆ యాసలో ఏడ్చే మనిషిని అంతకుముందు ఎవరూ చూపించలేదు. రోలుగుంట నుంచీ, మాకవరపాలెం నుంచీ వచ్చినవాళ్ళు తాము ఇంట్లో రోజూ అనే మాటే విని పొట్టలు పట్టుకున్నారు. ఇంటికి వెళ్ళాక నాన్నగారు జనం ఎలా చూశారని అడిగారు. శ్రద్ధగా చూశారని చెప్పాను.

కొన్నేళ్ళకు నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగంలో చేరాను. వార్షికోత్సవానికి పిల్లలు వేసే స్కిట్లను ముందుగా నేను చూసి సరే అనాలి. రెండువేల సంవత్సరం దాటాక ఒక ఏడు, ఇంటర్ రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె స్టాఫ్ రూముకు వచ్చింది. పాస్టరుగారి కూతురు. చిన్నప్పటి నుంచీ చర్చిలో క్రిస్మస్ నాటికలు వేసిన పిల్ల కావడంతో బెరుకు లేదు.

"మాస్టారండీ, మీ నాన్నగారి సినిమా మీద స్కిట్టు రాసేనండి. మీరు ఊఁ అనాలండి."

"మీద అంటే?"

"కామెడీయేనండి."

"అది కామెడీకి పనికొచ్చే సినిమా కాదు. అందులో ఒక మనిషి బతుకు పోతుంది. హీరోలు గాల్లో ఎగిరే సినిమాలు బోలెడున్నాయి. వాటిని వెక్కిరించుకోండి."

"ఆటినేటి ఎక్కిరిస్తామండి? ఆటికవే ఎక్కిరింపులా ఉంటాయి కదండి."

పక్క కుర్చీలో లెక్కల మాస్టారు కిసుక్కున నవ్వారు. ఆ పిల్లకు ధైర్యం వచ్చింది.

"మా దాన్లో రైతేమో టీవీలో వార్తలు సదివినట్టు మాటాడతాడండి. దొరగారూ ఆఫీసర్లూ మన మాట మాటాడతారండి. హాల్లో జనం ఎందుకు నవ్వేరో అప్పుడు తెలుస్తాది కదండి."

"హాల్లో నవ్వారని నీకెవరు చెప్పారు?"

"మాయమ్మ నవ్విందటండి."

ఇంట్లో అడిగి చెప్తానన్నాను. నేను వద్దంటే పంతం అనుకుంటారు. నాన్నగారు వద్దంటే ఎవరూ మాట్లాడరు. ఆయన వద్దంటారనే నా నమ్మకం.

సాయంత్రం అద్దె ఇంటి వరండాలో ఆయనకు విషయం చెప్పాను.

"నా వేషం ఎవరు వేస్తున్నారు?" అన్నారు.

"ఆ అమ్మాయే."

"ఆడపిల్లా? నడవగలదా?"

"మీరు వద్దంటే ఆపించేస్తాను."

"నేనెప్పుడు వద్దన్నాను?"

"అది అవార్డు సినిమా నాన్నగారూ. మనకు ఇంకేముంది?"

మర్నాడు ఆ పిల్లకు సరే అనక తప్పలేదు. వార్షికోత్సవం రోజున నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని నాకంటే ముందే గుమ్మంలో నిలబడ్డారు.

ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆ పిల్ల పంచె కట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని నడక మొదలుపెట్టింది. స్టేజీ చిన్నది కనుక అక్కడే గుండ్రంగా తిరుగుతోంది. ఆఫీసర్లు వచ్చి టీ తాగారు, పేకాడారు, కునుకు తీసి లేచారు. ఆమె ఇంకా నడుస్తూనే ఉంది.

"ఏటయ్యా, ఇంకా ఎల్లలేదా? బేగి ఎల్లు, అవతల మాకు అవార్డు బండికి టైమైపోతంది!" అన్నాడు దొర వేషం కుర్రాడు.

ఆమె ఆగి, వెనక్కి తిరిగి, వార్తలు చదివే గొంతుతో కూతుర్ని పిలిచింది. "త్వరగా రావలసిందిగా కోరుతున్నాను. మరికొద్దిసేపట్లో చీకటి పడే అవకాశం ఉంది."

జనం మొదట మా వైపు చూశారు. నాన్నగారికి దగ్గు వచ్చిందనుకుని వీపు మీద చెయ్యి వేశాను. అది దగ్గు కాదు. ఆయన నవ్వుతున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగేలా, మోకాలు కొట్టుకుంటూ నవ్వుతున్నారు. అది చూశాక ఇంక ఎవరూ ఆపుకోలేదు.

అయిపోయాక ఆ పిల్ల తువ్వాలు తియ్యకుండానే వచ్చింది. "తాతగారండీ, కోపమొచ్చిందాండి?"

"ఎందుకమ్మా కోపం? ఎడంకాలు ఈడుస్తా నడిసేవు, సరిగ్గా నాలాగే. ఎలా పట్టేవు?" సినిమాలో తప్ప ఆ యాస ఆయన నోట నేను వినలేదు.

"క్యాసెట్టు ఏసుకుని సూసేనండి. డైరెక్టరుగారు నేర్పేరాండి ఆ నడక?"

"ఆయనేం నేర్పలేదు. మా ఆఖరి మడి రాసిచ్చేసిన నాడు గట్టు మీద అలాగే నడిసేను. మళ్ళీ ఒకసారి నడుద్దామని సినిమాకి ఒప్పుకున్నాను."

ఆ పిల్ల ముఖంలో నవ్వు పోయింది. "నాకు తెల్దండి," అంది.

"నవ్వమ్మా, నవ్వు. ఇన్నాళ్ళకి నాకూ నవ్వొచ్చింది."

నాకూ తెలియదు. పక్కనే నిలబడి విన్నాను.

ఆ తర్వాత ఆయన బ్యాంకుల్లో కుర్చీల కోసం చూడలేదు. కుర్రాళ్ళు టీ కొట్టు దగ్గర పిలిచి నడిచి చూపించమంటే చూపించేవారు. నేను ఆ వీధిలోంచి వెళ్ళడం మానేశాను.

గొప్ప సినిమాలను వెక్కిరించవచ్చా అని ఇప్పటికీ పిల్లలు అడుగుతారు. వెక్కిరించుకోమనే చెప్తాను. మా సినిమా అందుకు పనికొచ్చింది, కళ్ళారా చూశాను. నాకేమనిపించిందని అడిగితే మాత్రం చెప్పడానికేమీ లేదు. నాన్నగారు నా పక్కన కూర్చుని అంతసేపు నవ్వుతుంటే, నేను వాచీ చూసుకుంటూ స్కిట్టుకు ఇచ్చిన టైము దాటిపోయిందని అనుకుంటున్నాను.