నేను చెప్పిన ధర

మధ్యాహ్నం స్టాఫ్ రూములో క్యారియర్లు విప్పితే చాలు, ఇప్పుడు ఒకటే మాట. ప్లాట్ల ధరలు ఇంతలా పడిపోవడానికి కారణం ఎవరని. ఒకరు ప్రభుత్వం అంటారు. ఇంకొకరు బ్రోకర్లంటారు. అడిగినవాడికల్లా లోన్లిచ్చిన బ్యాంకులదే తప్పని లెక్కల మాస్టారు తేల్చేస్తారు. నిన్న మొన్నటి దాకా బ్రోకర్లను అందరికంటే ఎక్కువ తిట్టింది నేనే. ఇప్పుడు నా అన్నం నేను తిని లేచిపోతున్నాను.

తిరుపతి దాటాక శ్రీకాళహస్తి రోడ్డు పక్కన నాకో ప్లాటుంది. బ్రోకరును నెలల తరబడి సతాయించి బాగా తక్కువకే తీసుకున్నాను. మా వైపు పద్ధతి ఒకటుంది. దస్తావేజులో ఇచ్చినదానికంటే తగ్గించి రాయిస్తాం, స్టాంపు ఖర్చు కలిసొస్తుందని. నలుగురిలో ఇచ్చినదానికంటే పెంచి చెబుతాం, గొప్పగా ఉంటుందని. ఇక అసలు ధర ఎవరికి తెలుస్తుంది? నేనూ అలాగే, కొన్నదానికి సగం కలిపి చెప్పుకున్నాను. మంచి చోటు పట్టినారే అని అందరూ అంటుంటే పొంగిపోయాను కూడా.

ఐరాల పక్క పల్లెలో మా బడి. అక్కడ పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే ఆమె కూడా ఒకరోజు పప్పు తిరగమోత పెడుతూ అడిగింది. "యెంతకు తీసుకుంటిరి మేడం?" అందరికీ చెప్పిన ధరే ఆమెకూ చెప్పాను.

వారం తర్వాత మళ్లీ వచ్చింది.

"మీ పక్కనే ఇంకో ప్లాటు ఉండాదంట మేడం. మీరు సెప్పిన రేటుకే నాకూ ఇస్తామంటాండారు. దాచిపెట్టిన దుడ్డుకు తోడు మూడావులూ అమ్మేస్తే సరిపోతాది."

ఆ క్షణాన నిజం నా నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే నా గొప్ప పోతుంది. "కాస్త బేరమాడి తీసుకో" అని మాత్రం అన్నాను.

"మీకే తగ్గించనోళ్లు నాకు తగ్గిస్తారా" అని నవ్వింది. ఆ నెలలోనే ఆవులు తోలుకుపోయారు. అప్పటి దాకా మా ఇంటికి పాలు ఆమె దగ్గర్నుంచే వచ్చేవి. మరుసటి వారం నుంచి ప్యాకెట్ పాలు కొనుక్కున్నాను.

ధరలు పడ్డాక కట్టుబడి పనులూ ఆగిపోయాయి. ఆమె భర్త మేస్త్రీ, ఇంట్లో కూర్చున్నాడు. ప్లాటు అమ్మేసి రెండావులైనా కొనుక్కోవాలని ఆమె ఏడాదిగా తిరుగుతోంది. పోయిన నెల గూడూరు నుంచి ఒకాయన చూడటానికొస్తే, నన్ను తోడు రమ్మంది. సర్కారు తుమ్మ కమ్మేసి హద్దురాళ్లు కూడా కనబడలేదు. ఆయన నా వైపు తిరిగి, "పక్కది మీదే కదా, ఎంతకు కొన్నారు?" అని అడిగాడు.

నేను నోరు విప్పేలోపే ఆమె అందుకుంది. "నేను కొన్న రేటుకే సార్. మేడం అబద్ధం సెప్పే మనిషి కాదు."

ఆ మాట విన్నాక ఇంక నా వల్ల కాలేదు. కొన్న ధర ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన ఆమె వైపు, నా వైపు చూసి, ఫోన్ చేస్తానని కారెక్కాడు. ఆ ఫోన్ ఇప్పటికీ రాలేదు.

ఆమె తిడితే బాగుండనిపించింది. చీర కొంగుకు అంటుకున్న ముళ్లు ఒక్కొక్కటే తీసుకుంటూ మెల్లగా అంది.

"యెవరో మనిషి అడిగితే సెప్పినారు. ఆ పొద్దు నాకు సెప్పింటే నా ఆవుల్ని అమ్మిండను కదా మేడం."

తిరుపతికి బస్సెక్కాం. నా పక్క సీటు ఖాళీగానే ఉంది. ఆమె ముందుకెళ్లి, కమ్మీ పట్టుకుని, దిగే దాకా నిలబడే ఉంది.