అసలు ఊరేంది?

తెలంగాణ ఉద్యమం రోజుల్లో బ్యాగు వీపున వేసుకుని ఒక్కదాన్నే యూరప్ తిరిగాను. బెల్‌గ్రేడ్ వెళ్లే రాత్రి రైల్లో ఎదుటి బెర్తు మీద ఒక తెలుగాయన కనిపించాడు. తనది హయత్‌నగర్ అన్నాడు. నాది కొత్తపేట అన్నాను సంబరంగా. నా మాటతీరు విని ఆయన మొహం మారింది.

“గది సరే అమ్మా, అసలు ఊరేంది?”

“అక్కడే పుట్టానండీ.”

“మీ నాయనదేడ?”

ఒళ్లు మండింది. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్లౌజు కుట్టే టైలరూ ఇదే అడిగాడు, ఇల్లు కిరాయికిచ్చే ఆవిడా ఇదే అడిగింది. నాన్న పుట్టిన కోస్తా ఊళ్లో నేను ఒక్క రాత్రయినా పడుకోలేదు. ఇంత దూరం వచ్చినా ఈ ప్రశ్న వదలదా?

సరిహద్దు దగ్గర పోలీసు వచ్చి నా పాస్‌పోర్టు తెరిచాడు. పుట్టిన ఊరి మీద వేలు పెట్టి, “హైదరాబాద్?” అన్నాడు. తలూపాను. ముద్ర కొట్టి ఇచ్చేశాడు.

నా ఊరు నాదేనని తలూపగానే నమ్మినవాడికి తెలుగు ముక్క రాదు.