వదిన వైపు తీసేసిన రోజు

ప్రెస్సుల వాళ్లంతా ఆమెను పేజీలమ్మ అనేవారు. పుస్తకాలకు లోపలి పేజీలు కట్టడం ఆమె పని, పై అట్టలు వేయడం వాళ్ల వదిన పని. పై అంతస్తులో ఒక గది అద్దెకు తీసుకుని ఇద్దరూ ఒకే కంప్యూటరు మీద వంతులేసుకుని పనిచేసేవారు.

ఆ ఒక్కదాన్నీ రెండు వాటాలు చేసింది వదినే. ఒకవైపు పేజీలమ్మకు అలవాటైన విండోస్, రెండోవైపు తాను సొంతంగా నేర్చుకున్న లినక్స్ అనే మరో సిస్టమ్. ఆన్ చేయగానే నల్లటి తెర మీద రెండు పేర్లు వచ్చేవి. పైది వదినది. పేజీలమ్మ వెంటనే కిందికి దిగే మీట నొక్కకపోతే మిషన్ వదిన వైపు వెళ్లిపోయేది.

"పెద్దదాన్ని, పైన నేనుండకపోతే ఎలా?" అని నవ్వేది వదిన.

షుగరు వదిన కళ్లను మెల్లమెల్లగా తినేసింది. మొదట రంగులు కలిసిపోయాయి, తర్వాత అక్షరాలు చెదిరాయి, చివరికి తెర మొత్తం పొగమంచైపోయింది. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు ఆగి చూద్దామన్నారు డాక్టర్లు. పేజీలమ్మ ఆగింది. అట్టల పని కూడా తన నెత్తినే వేసుకుంది. పగలంతా మెడ వంచి ఇంటికి పోతే, జడ వేసుకోడానికి చెయ్యి పైకి లేచేది కాదు.

ఇంతలో ఫోటోలతో నిండిన పెద్ద పుస్తకం ఒకటి వచ్చింది. డిస్కులో చోటు చాలలేదు. వదిన వైపేమో సగం డిస్కు ఊరికే పడి ఉంది. అడుగుదామని ఎన్నిసార్లు ఫోన్ తీసిందో! అడిగితే, "నువ్విక రావా?" అని అడిగినట్టే కదా. చివరికి వదిన వేసిన అట్టలన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి, ఆ వైపు మొత్తం తీసేసింది.

మర్నాడు పొద్దున ఆన్ చేస్తే రెండు పేర్లూ రాలేదు. నల్లటి తెర, ఒక ఇంగ్లీషు ముక్క, దాని పక్కన ఆరుతూ వెలుగుతూ ఒక గీత. ఏ మీట నొక్కినా ఫలితం లేదు. పేజీలు సాయంత్రానికి ప్రెస్సులో ఉండాలి. రిపేరు చేసేవాడు "రేపు చూద్దాం లెండి" అన్నాడు. ఏడవడానికి కూడా ఓపిక లేక కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత వదినకు ఫోన్ చేసింది.

"మిషన్ లేవడం లేదు వదినా."

"ఏమని ఉంది?"

చదివి వినిపించింది.

"నా వైపు తీసేశావా?"

"ఊఁ."

"ఉండు, వస్తున్నా."

అన్నయ్య ఆమెను గుమ్మం దాకా తీసుకొచ్చి పనికి వెళ్లిపోయాడు. వదిన తడుముకుంటూ కుర్చీ చూసుకుని కూర్చుంది.

"నీ అట్టలన్నీ దాచాను వదినా. ఒక్కటీ పోలేదు."

"వాటి సంగతి తర్వాత. ఎటు పోవాలో చెప్పే ముక్క ఒకటి ఇంకా లోపల ఉండిపోయింది. నా వైపు కనబడక అది గుమ్మంలోనే నిలబడింది. ఆపి మళ్లీ ఆన్ చెయ్యి. చేస్తూనే ఎఫ్ టూ మీట కొడుతూ ఉండు."

సెట్టింగుల పేజీ వచ్చింది. పేజీలమ్మ ఒక్కో వరస చదువుతుంటే వదిన కళ్లు మూసుకుని వింది.

"ఆగు, మధ్యలో ఒకటి మింగేశావు."

నిజమే, అలసటలో ఒక వరస దాటేసింది. మళ్లీ చదివింది. ఏది ముందు లేవాలో చెప్పే బూట్ వరసలో లినక్స్ ముందుంది, విండోస్ వెనక.

"కిందిదాన్ని పైకి తెచ్చి, సేవ్ చేసి బయటికి రా."

విండోస్ తెరుచుకుంది. పేజీలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పేజీలమ్మ బల్ల మీద తల ఆనించింది.

"అప్పుడే పడుకోకు. నా పేరు ఇంకా వరసలో ఉందిగా? అదీ తీసెయ్."

"ఉండనీ వదినా. దానివల్ల అడ్డమేముంది?"

"ఏదో అప్‌డేట్ వచ్చి మళ్లీ పైకెక్కించిందనుకో, నీకే తలనొప్పి." కుర్చీ దగ్గరికి జరుపుకుని అంది, "చూపు ఇంక రాదని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. నేనే మీ అన్నయ్యని నోరెత్తొద్దన్నా. నా కోసం ఆ వైపు అలాగే ఉంచావని తెలిసి, నీకెలా చెప్పను?"

"నాకూ అనుమానంగానే ఉంది వదినా. తీసేస్తే అదే నిజమైపోతుందని ఉంచా."

వదిన చెయ్యి చాచి ఆమె భుజం దొరకబుచ్చుకుంది. రాయిలా బిగుసుకుపోయి ఉంది.

"ఇంత బరువు మోస్తున్నావా! చెప్పొచ్చుగా," అంది.

తర్వాత ఆజ్ఞలు టైపు చేసే నల్ల కిటికీ తెరిపించి, ఏం కొట్టాలో ఒక్కో అక్షరమే చెప్పింది. పేజీలమ్మ కొట్టి, పైకి చదివి సరిచూసుకుని, ఎంటర్ నొక్కింది. ఈసారి ఆన్ చేస్తే మిషన్ ఏమీ అడగకుండా నేరుగా విండోస్‌లోకి పోయింది. బాగైనందుకు సంతోషించాలని తెలుసు. సంతోషమే రాలేదు.

సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకు చేరాయి. అప్పటిదాకా వదిన కుర్చీలోనే కునుకు తీసింది. గదికి తాళం వేసి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లు దిగారు.

"ఈ పుస్తకానికి అట్ట ఎవరికిస్తున్నావ్?"

"బయట ఎవరికైనా ఇవ్వాలి. నా వల్ల కావడం లేదు వదినా."

ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"ఇచ్చెయ్. ఎవరికిచ్చినా, పేరు మరీ అంచుకి పెట్టొద్దని చెప్పు. కత్తిరింపులో పోతుంది."

"చెప్తాను."

మెట్ల మలుపులో ఇద్దరూ ఆగి కాసేపు ఊపిరి తీసుకున్నారు.