నేను నడిచిన అరగంట

మా గద్వాల చీర ఒక్క మనిషితో తయారయ్యేది కాదు. ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఆ రెండింటినీ వరుస వరుసకూ చేత్తో పెనవేస్తూ నేయాలి. మధ్యలో అడ్డపోగు నడిపే నాడె నేను వేస్తాను, పక్కన కూర్చుని అంచు నాడె నా భార్య అందుకుంటుంది. ముప్పై ఏళ్లుగా ఒకే మగ్గం ముందు కూర్చుంటున్నాం, మాట్లాడుకున్నది తక్కువ, పోట్లాడుకున్నది ఎక్కువ.

అరవై దగ్గర పడుతుండగా నాకు షుగర్ పట్టుకుంది. రోజూ పొద్దున అరగంట నడవమన్నాడు డాక్టర్. దినమంతా మగ్గం తొక్కే కాళ్లకు మళ్లీ నడకెందుకని వాదించాను.

"కూర్చుని తొక్కేది లెక్కలోకి రాదు పెద్దాయనా. కాళ్లు పోతే ఇంకొకరు నిన్ను లేపాల్సి వస్తుంది," అన్నాడు.

ఆ మాటకు నిజంగా భయపడ్డాను. ఇంట్లో మా అమ్మ పక్షవాతంతో మంచంలో ఉంది. పొద్దున్నే ఒకవైపు నేను, ఒకవైపు నా భార్య పట్టి లేపి కుర్చీలో కూర్చోబెట్టాలి. నేనూ పడిపోతే ఇద్దరినీ ఎవరు లేపుతారు? అట్లాగని ఆ వేళకు నేను బయటికి పోతే అమ్మ సంగతేమిటి?

"పక్కింటామె వస్తనన్నది, ఇద్దరం లేపుకుంటం. నువ్వు జర పో," అంది నా భార్య.

పోయాను. రోజూ కోట దాకా పోయి రావడం. మొదట్లో సిగ్గుగా ఉండేది. "ఏందన్నా, ఎలక్షన్ల నిలవడుతున్నవా, పొద్దుగాలనే ఊరంత తిరుగుతున్నవు?" అని హోటల్ దగ్గర ఆటపట్టించేవాళ్లు. రానురాను ఒళ్లు తేలికైంది. ఇంటికొచ్చి హుషారుగా మగ్గంలోకి దిగేవాణ్ణి. ఆమె మాత్రం ఆలస్యంగా వచ్చి కూర్చునేది. అంచు కలిసే చోట పోగు వదులుగా పడేది. కొన్నాళ్లు ఓర్చుకుని, ఒకరోజు గట్టిగానే అన్నాను.

"ధ్యాస యాడ వెట్టి నేస్తున్నవ్? గిట్లయితే చీర ఎవరు తీసుకుంటరు?"

ఆమె ఆ పోగు విప్పి మళ్లీ నేసింది. వయసు మీద పడి బద్ధకం వచ్చిందనుకున్నాను. నేను ఆరోగ్యం కోసం ఇంత కష్టపడుతుంటే ఈమెకు పట్టదేమని కోపం కూడా వచ్చింది.

ఓ పొద్దున దారిలో చెప్పు తెగి, సగంలోనే వెనక్కి తిరిగాను. లోపలికి వచ్చేసరికి అమ్మ చెయ్యి నా భార్య మెడ చుట్టూ ఉంది. ఆమె ఒక్కతే అమ్మను ఎత్తబోయి, మధ్యలో నడుము పట్టేసి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. కళ్లు గట్టిగా మూసుకుంది. "ఇడిసిపెట్టు బిడ్డా, వాడొస్తడు," అంటోంది అమ్మ.

పరుగెత్తి అమ్మను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. పక్కింటామె ఏదని అడిగాను.

"బిడ్డ కాన్పుకని కొల్లాపూర్ పోయి నెల దాటె. చెప్తే నువ్వు నడుచుడు బందు పెడ్తవని చెప్పలే."

నెల రోజులు. ఆ నడుముతోనే వచ్చి నా పక్కన కూర్చుని అంచు నేసింది. వదులుగా పడ్డ పోగును చూశాను గాని నేసే మనిషిని చూడలేదు. సిగ్గుతో ఆమె ముఖం చూడలేకపోయాను.

మర్నాటి నుంచి అమ్మను లేపాకే నడుద్దామనుకున్నాను. అది కుదిరిన రోజులు తక్కువ. అమ్మ లేచేసరికి పొద్దెక్కేది, మగ్గం వేళ అయిపోయేది, ఇక ఆ రోజు నడక లేనట్టే.

మొన్న దవాఖానకు ఇద్దరం పోయాం. నడుము చూపించుకోమంటే, "నాకేం రోగమొచ్చింది, నీ సంగతి చూడు," అని బయట బల్ల మీదే కూర్చుంది. డాక్టర్ నా కాగితాలు చూసి సంతోషించాడు. అంతకుముందు నెలల తరబడి నడిచినదానికి షుగర్ బాగా దిగిందట.

బయటికి రాగానే ఏమన్నాడని అడిగింది.

"నడుచుడు మానొద్దన్నడు."

"అయితే మానకు," అంది. బల్ల మీది నుంచి లేవబోయి, లేవలేక, నా వైపు చెయ్యి చాచింది. ఇన్నేళ్లలో ఆమె నన్ను అలా సాయం అడగడం అదే మొదలు.