గండికోటలో జారిన కాలు

మా ఆయన మగ్గం దిగేది అమావాస్యకే. ఎమ్మిగనూరులో మాలాంటి నేతగాళ్లకు సెలవంటే అదొక్కటే. అలాంటి మనిషి ఒక అమావాస్యకు గండికోట చూసొద్దామంటే సరేనన్నాడు. పెళ్లయినప్పటి నుంచి శ్రీశైలం తప్ప ఇంకో చోటు చూడనిదాన్ని, నా సంబరం ఇంతా అంతా కాదు. ట్రావెల్స్ బస్సులో సగం మంది మా వీధి వాళ్లే. ఫోన్‌లో టికెట్లు తీసిన మా చెల్లెలి కూతురు, ప్రయాణానికి ఇన్సూరెన్స్ కూడా తీసుకోమంటావా పెద్దమ్మా అని అడిగింది. తీసుకోమన్నాను. ఆయన కాళ్లు ఆడితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. గుంత మగ్గం అంటే అంతే కదా, గుంతలో కాళ్లు దించి చెక్కలు తొక్కుతూనే ఉండాలి.

ఆ సంగతి బస్సులో తెలిసి అందరూ నన్ను ఆటపట్టించారు. బయల్దేరేటప్పుడే కీడు తలుస్తారా ఎవరైనా అని ముందు సీటు ముసలామె ముక్కు మీద వేలేసుకుంది. మా ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది కానీ, పండగలాంటి పూట నోరు చేసుకోవడమెందుకని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

కోట చూడగానే ఆ కోపం యాడికి పోయిందో! ఎర్రటి బండల మధ్య ఎక్కడో పాతాళంలో పెన్న, పైన గాలి. మసీదు, గుడి, కూలిన గోడలు అన్నీ తిరిగాం. ధాన్యం దాచిన పెద్ద కట్టడంలోకి పోయినప్పుడు, శత్రువులు చుట్టుముడితే తినడానికి రాజులు ఇక్కడ గింజలు పోసి పెట్టుకునేవాళ్లని ఎవరో చెప్పారు. నేను ఊరుకుంటానా, చూడు, రాజులు కూడా ఇన్సూరెన్స్ చేసుకున్నారని దెప్పాను.

"అయినా కోట పడిపాయ గదా మే," అన్నాడాయన నవ్వుతూ.

ఆ తర్వాత కాసేపటికే, బురుజు దిగుతుంటే అరిగిన రాతి మెట్టు మీద ఆయన కాలు జారింది. మడమ దగ్గర కాలు పక్కకు తిరిగిపోయి ఉంది.

వెంటనే ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేశాను. ఏ ఆస్పత్రికైనా తీసుకుపోండి, ఎక్స్‌రే తీయించి చేర్చండి, ఖర్చు మేం చూసుకుంటాం అని ఒక అమ్మాయి నింపాదిగా చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మాత్రం ఆస్పత్రి మాట వినగానే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మా చిన్నాయనకు రాడ్డేసినారు. మళ్లా మగ్గం ఎక్కినాడా? నన్ను కట్టు కాడికి తీసకపోండి."

కట్టు అంటే మా వైపు వేరే చెప్పక్కర్లేదు. ఎముక విరిగితే పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టేవాళ్ల దగ్గరికే పోతారు. నేను తిట్టాను, ఏడ్చాను, కాళ్లు పట్టుకున్నాను. బస్సంతా ఆయన పక్షమే. కట్టుతో నడిచిన వాళ్ల కథ ఒక్కొక్కరి దగ్గరా ఒకటుంది. చివరికి బస్సు అటే తిరిగింది.

కొన్ని వారాలకు కట్టు విప్పేసరికి ఎముక వంకరగా అతుక్కుంది. అప్పుడు కర్నూలు ఆస్పత్రికి పోయాం. మళ్లీ విరగ్గొట్టి సరిచేయాలి, అయినా పాదం మునుపటిలా ఆడుతుందని చెప్పలేం అన్నాడు డాక్టరు. ఇన్సూరెన్స్ వాళ్లను అడిగితే, దెబ్బ తగిలినప్పుడు ఆస్పత్రిలో చేరలేదు కాబట్టి ఏమీ రాదన్నారు. ఈసారి గొంతు వేరే, నిదానం అదే. ఆపరేషన్ మాట ఆయన మళ్లీ ఎత్తనివ్వలేదు.

ఒకసారి ఆయన గుంతలో కాళ్లు దించి కూర్చున్నాడు. చెక్క మీద పాదం ఆనలేదు. అడ్డపోగు విసిరే నాడె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మగ్గం మీద సగం నేసిన చీరను ఇంకొకరు వచ్చి పూర్తి చేసిపోయారు. తర్వాత మగ్గం కూడా అమ్ముడుపోయింది. ఇప్పుడు ఇద్దరం పక్కింటి మగ్గానికి నూలు కండెలు చుడుతున్నాం. మా ఇళ్లలో అది ఆడవాళ్లు, ముసలివాళ్లు చేసే పని. ఆయనకింకా తల నెరవలేదు.

మొన్న అమావాస్యనాడు ఆయనే పిలిచాడు.

"ఆ గుంత పూడ్చు మే. ఎవరన్నా కాలు జారి పడతారు."

నేను కాదనలేదు. వీధి చివర నుంచి మన్ను మోసుకొచ్చి పోశాను. నేల సమానమైందనుకుని గంప పక్కన పెట్టి చేతులు దులుపుకున్నాను. ఆయన గడపలో కూర్చుని కండె చుడుతూ, తల వంచి నేల వైపే చూశాడు.

"ఇంకా పల్లం ఉండాది. ఇంకో గంప పొయ్."