చింతపిక్కల జిగురు, అమ్మ పేరు

మా ఇంట్లో అన్నం వండే గిన్నెలో ప్లైవుడ్ ముక్కలు ఉడికిన రోజులున్నాయి. నేనప్పుడు ఏడో తరగతి. నాన్న ఇబ్రహీంపట్నం దారిలో ఒక ప్లైవుడ్ ఫ్యాక్టరీలో కెమిస్టు. పల్చటి చెక్క పొరల్ని ఒకదానికొకటి అంటించే రెజిన్ జిగురు తయారుచేయడం ఆయన పని. ఆ ఏడు వానలు తెరిపివ్వలేదు. చెక్క చెమ్మగిల్లి, జిగురు పల్చబడి, పొరల మధ్య నిలవకుండా లోపలికి ఇంకిపోయేది. అలాంటి చెక్కని వేడినీళ్ళలో మరగబెడితే పొరలన్నీ విడిపోతాయి. ఫ్యాక్టరీలో ఆ పరీక్ష చేసే తొట్టి ఒక్కటే ఉండేది, దానికి పెద్ద వరస. నాన్నకి ఆగే ఓపిక లేక ముక్కల్ని సంచిలో వేసుకొచ్చి మా స్టవ్ మీద పెట్టేశారు.

అమ్మ వంటింట్లోకి వచ్చి మూత తీసింది.

"అన్నం గిన్నెలో చెక్కలు ఉడకబెడతారేంటండీ! ఈ కంపుకి రేపు పిల్ల అన్నం ముట్టుకుంటదా?"

తిడుతూనే గరిటెతో ఒక ముక్క పైకి తీసి, ఊది, గోరుతో పొర లాగి చూసింది. దేన్నైనా చేత్తో ముట్టుకోకుండా తిట్టడం మా అమ్మకి రాదు. పొర ఇట్టే ఊడొచ్చింది.

"మీ జిగురులో పట్టు లేదు. కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళని చూళ్ళేదా? చింతపిక్కల పిండి, రంపప్పొట్టు కలిపి అతుకుతారు. మా చిన్నప్పటి ఎద్దుబొమ్మకి కాలు ఊడగా నేనెప్పుడూ చూళ్ళేదు."

నాన్న నవ్వేశారు. వారం పోయాక మాత్రం నవ్వు మానేసి, "కాసిని చింతపిక్కలు వేయించి పెడతావా?" అని మెల్లిగా అడిగారు. అమ్మ వేయించి, పొట్టు తీసి, దంచి, జల్లెడ పట్టి డబ్బాలో పోసిచ్చింది. ఎంత వేయించాలో, రెజిన్ కాగేటప్పుడు ఏ దశలో కలపాలో తేల్చడానికి నాన్నకి నాలుగు నెలలు పట్టింది. ఆ కష్టం నాన్నదే, కాదనను. ఆ తర్వాత చెక్కలు ఎంత మరిగినా విడిపోలేదు.

ఫ్యాక్టరీవాళ్ళు దానికి పేటెంటు తీసుకున్నారు. కొన్నేళ్ళకి నాన్న దాని జిరాక్సు కాపీ ఇంటికి తెచ్చారు. కనుగొన్నవారు అనే చోట రెండు పేర్లు, ఒకటి మేనేజరు గారిది, ఒకటి నాన్నది. అమ్మ ఆ కాగితాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది.

"ఇందులో నా చింతపిక్కలు ఎక్కడున్నయ్యండీ?" అని నవ్వింది.

అమ్మ నిజంగా సరదాకే అంది. నాన్న నవ్వలేదు. అంత గొప్ప కాగితానికి మా ఇంట్లో ఫ్రేము కట్టలేదు. అది ఇనప్పెట్టె అడుక్కి, పాత కరెంటు బిల్లుల కిందకి పోయింది. ఎందుకని నేనూ అడగలేదు.

పెద్దయ్యాక నేను చేరిన ఉద్యోగం కూడా పేటెంట్లలోనే. వన్ టౌన్‌లో టోకు పప్పుల కొట్ల పైన మా ఆఫీసు. పొద్దున మెట్లెక్కేసరికి చీర మీద కందిపప్పు దుమ్ము ఉంటుంది. మెత్తబడని అప్పడం కనిపెట్టినవాళ్ళూ, ఇనుము పోసే అచ్చుల్లో ఇసకని పట్టి ఉంచే రెజిన్ కనిపెట్టినవాళ్ళూ మా దగ్గరికి వస్తారు. వాళ్ళు చెప్పింది విని దరఖాస్తు భాషలో రాయడం నా పని. కూర్చోగానే అందరినీ ఒకటే అడుగుతాను: ఇది ఇంతకుముందు ఎవరికైనా చెప్పారా, పంచారా, ఎక్కడైనా అచ్చు వేయించారా? ఒకసారి బయటపడితే అది కొత్తది కాదు, పేటెంటు రాదు. వాట్సాప్‌లో పెట్టేసుకుని వచ్చిన ఒక పెద్దాయన్ని, "కాస్త ఆగలేకపోయారా అండీ" అని కసిరాను కూడా. నాకు కొంచెం నోరెక్కువ.

నాన్న రిటైరయ్యాక షుగరు వచ్చింది. రాగులు తినమన్నారు డాక్టరు. సంకటీ జావా నాన్నకి సయించవు, సేమియా ఉప్మా అంటే ప్రాణం. అమ్మ రాగిపిండితో సేమియా ఒత్తింది. నీళ్ళలో వేయగానే జావయిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి చింతపిక్కల పిండిని నీళ్ళలో బంకలా ఉడికించి, దాంతో రాగిపిండి కలిపి, జంతికల గొట్టంలో సన్నబిళ్ళ వేసి ఒత్తి, ఆవిరి పట్టి, నీడన ఆరబెట్టింది. నాన్న ఉప్మాలోంచి ఒక పోగు తీసి వెలుతురుకి పట్టి చూశారు.

"విడిపోలేదే!"

"మీ చెక్కలు విడిపోయినయ్యా మరి?" అంది అమ్మ పెసర పచ్చడి వడ్డిస్తూ.

అది నాలుగేళ్ళ కిందటి మాట. పోయిన ఏడాది ఒక సాయంత్రం అన్నాల దగ్గర, మా ఆఫీసుకొచ్చినవాళ్ళెవరో చిరుధాన్యాల నూడిల్స్ విరగకుండా చేయడానికి తంటాలు పడుతున్నారని ఊరూ పేరూ చెప్పకుండా అన్నాను. నాన్న తన కంచంలోకి చూసుకున్నారు. ఆ కంచంలో ఉన్నది అదే.

"దీనికి పేటెంటు వెయ్యమ్మా. ఈసారి మీ అమ్మ పేరొక్కటే ఉండాలి. నా పేరు గానీ, ఇంకెవరి పేరు గానీ వద్దు" అన్నారు.

ఆ గొంతు నాకు కొత్త. ఇనప్పెట్టెలో కాగితం ఆయన్ని ఇన్నేళ్ళుగా తొలుస్తోందని అప్పుడు తెలిసింది.

మర్నాటి నుంచి మా వంటిల్లు మళ్ళీ ఫ్యాక్టరీ అయింది. నాన్న రూళ్ళ పుస్తకం కొన్నారు. చేతి గడియారం విప్పి స్టవ్ పక్కన పెట్టుకుని, సేమియా ఎన్ని నిమిషాలు మరిగితే ఎన్ని పోగులు తెగాయో లెక్కపెట్టి రాసేవారు. నేను అమ్మని కూర్చోబెట్టి కొలతలు అడిగేదాన్ని.

"పిక్కల పిండి ఎంత?"

"చారెడు."

"చారెడంటే వాళ్ళు ఒప్పుకోరమ్మా. గ్రాముల్లో కావాలి."

"ఎవరి చేతికి చారెడో రాసుకో, సరిపోద్ది" అని చెయ్యి చాపింది. చివరికి ఆ చేతిలో పిండి పోయించి, కాటా మీద తూచి రాసుకున్నాం. తూచిన ప్రతిసారీ ఇంచుమించు అంతే వచ్చింది. నాన్న గర్వంగా నావైపు చూశారు, ఆ చెయ్యి తనే తయారుచేసినట్టు.

దరఖాస్తు పూర్తయింది. పంపబోయే ముందు రోజు ఆఫీసు కంప్యూటర్లో దాన్ని తెరుద్దామని 'సేమియా' అని కొట్టాను. రెండు ఫైళ్ళు వచ్చాయి. రెండోది రెండేళ్ళ కిందటిది. తెరిచాను. రాగి సేమియా చేయు విధానం, చింతపిక్కలు వేయించడం దగ్గర్నుంచి నీడన ఆరబెట్టడం దాకా అంతా ఉంది. మా చర్చి నెలపత్రికకి పంపిన వ్యాసం. పండిందీ చేసిందీ దేవుడికిచ్చి చర్చిలో వేలం వేసే కోత పండగకి అమ్మ ఇచ్చిన సేమియా అందరికీ నచ్చి, ఎలా చేస్తారో పత్రికలో వేయమని స్త్రీల సమాజం వాళ్ళు అడిగారు. అమ్మ చెబుతుంటే కాగితం మీద రాసుకుని, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇదే కుర్చీలో కూర్చుని టైపు చేసి పంపింది నేనే.

ఊళ్ళో వాళ్ళందరినీ అడిగే ప్రశ్న అమ్మని అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. అమ్మ చేసింది వంట అనుకున్నాను. అప్పడాల ఆయనది ఆవిష్కరణ, అమ్మది వంట. ఇంతకంటే సిగ్గుపడ్డ రోజు నా ఉద్యోగంలో లేదు.

మా చర్చి పత్రిక ఎవరు చూడొచ్చారు, పంపేద్దామా అని ఆ పూటంతా అనుకున్నాను. నిజమే, ఎవరూ చూడరు. కానీ అమ్మ పేరు మొదటిసారి ఎక్కే కాగితం మీద నేను అబద్ధం ఆడలేకపోయాను. అడిగితే అమ్మ కూడా ఆడనివ్వదు.

ఇంటికెళ్ళేసరికి నాన్న స్టవ్ దగ్గరే ఉన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన స్టవ్ కట్టేసి, గడియారం చేతికి పెట్టుకున్నారు.

"పత్రికలో అమ్మ పేరుందా?"

లేదు. ఆఖర్న 'ఒక సహోదరి' అని ఉంది. దేవుడి పత్రికలో నా పేరెందుకులే అని అమ్మ అంటే, సరేలే అని టైపు చేసింది కూడా నేనే. అదీ చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

"ఊరుకో. నేను చేసింది మాత్రం ఏంటి?" అన్నారు నాన్న. "ఈ చింతపిక్కల ఆలోచన ఎక్కడిదయ్యా అని మేనేజరు గారు నన్నడిగారమ్మా. మా ఆవిడ చెప్పిందంటే నవ్వుతారేమోనని, నాకే తట్టిందండీ అన్నాను. ఒక్క మాట. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఇన్నేళ్ళలో ధైర్యం చాల్లేదు."

పెరట్లో బట్టలు తీస్తున్న అమ్మకి ఇవేమీ వినపడలేదు. పేటెంటు రాదని చెబితే, "పోతేపోయింది. పామర్రులో మా అక్కావాళ్ళు కూడా ఇప్పుడు అదే ఒత్తుకుంటున్నారు, మంచిదేగా" అని దుప్పటి రెండో కొస నా చేతికిచ్చి మడత పెట్టించింది. అమ్మకి బాధ లేదు. బాధంతా మా ఇద్దరిదీ.

ఈసారి కోత పండగకి అమ్మ ఎప్పటిలాగే సేమియా పొట్లాలు కట్టింది. నేను ఆఫీసులో ఒక లేబులు ప్రింటు తీసి తెచ్చాను. రాగి సేమియా, కనుగొన్నవారు అని రాసి, కింద అమ్మ పూర్తి పేరు. ప్రభువుకిచ్చేదాని మీద నా పేరేంటే అని కేకలేసింది. బతిమాలగా బతిమాలగా ఒక్క పొట్లానికి అంటించనిచ్చింది.

ఆరాధనలో సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవొచ్చని పాస్టరు అయ్యగారు అన్నారు. జ్వరాలు తగ్గినవాళ్ళూ, ఉద్యోగాలు వచ్చినవాళ్ళూ లేచి దేవుడి మేళ్ళు చెప్పుకున్నారు. తర్వాత నాన్న లేచారు. నా ఎరికలో నాన్న ఎప్పుడూ సాక్ష్యం చెప్పలేదు. ఆయన చేతిలో ఇనప్పెట్టెలోని జిరాక్సు కాగితం ఉంది.

"అయ్యగారికీ సంఘానికీ వందనాలండీ. దేవుడు నాకు చేసిన మేలు నా భార్యండీ. ఈ కాగితంలో నేను కనిపెట్టానని నా పేరుంది. మొదటి ఆలోచన ఆమెదండీ. నాదని చెప్పుకున్నాను. ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నాను. మీరంతా ఇళ్ళల్లో చేసుకునే సేమియా కూడా ఆమెదేనండీ, పత్రికలో పేరు లేదు" అని అమ్మ పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా చెప్పి కూర్చున్నారు.

ఆడవాళ్ళ వైపు అమ్మ తలమీద కొంగు ముక్కు దాకా లాక్కుంది.

ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం మొదలైంది. గుమ్మడికాయలూ కోళ్ళూ అయ్యాయి. లేబులున్న పొట్లం ఎత్తి, పాట పెట్టే ఆయన అమ్మ పేరు చదివారు. మొట్టమొదట చెయ్యెత్తింది నాన్నే. ఎవరు పెంచితే దాని మీద పెంచుతూ పోయారు. జనం నవ్వుతున్నారు. చివరికి ఎదురు పాడేవాళ్ళు లేక పొట్లం ఆయనకే వచ్చింది.

ఆటోలో అమ్మ ఇక ఆపుకోలేకపోయింది.

"ఇంట్లో డబ్బా నిండా అదే సేమియా ఉంది కదండీ. మళ్ళీ పాడటం ఎందుకు?"

నాన్న పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని, లేబులు మడత పడకుండా బొటనవేలితో సర్దారు.

"డబ్బాలో దాని మీద నీ పేరు లేదుగా" అన్నారు.